రెండు ముందు భాగాలు, ఒక చెయిన్

"ఫార్ములా వన్ కార్లలో ఇంజిన్ డ్రైవర్ వెనకే ఎందుకుంటుంది సార్?" అని ఒక పాఠకుడు అడిగారు. బరువు సర్దుబాటు, గాలి నిరోధం అని చాలామంది చెప్తారు. నిజమే. 1930లలో జర్మనీ వాళ్ళ ఆటో యూనియన్ కార్లు ఇంజిన్ వెనక పెట్టుకుని గెలిచాయి కూడా. అయినా ఆ పద్ధతి అప్పట్లో నిలవలేదు. దాన్ని నిలబెట్టింది 1946లో లండన్ పక్కన సర్బిటన్‌లో ఒక గ్యారేజీలో తయారైన బుల్లి కారు, కూపర్ 500. దాంట్లో ఇంజిన్‌ని వెనక్కి లాగింది మోటార్‌సైకిల్ చెయిన్. నాకు ఈ కథ ఎంత ఇష్టమంటే, మిగతా ప్రశ్నల్ని పక్కన పెట్టి ఇదే రాస్తున్నాను.

యుద్ధం అప్పుడే ముగిసింది. పెట్రోలుకి రేషన్, చేతిలో డబ్బు లేదు. అందుకే తక్కువ ఖర్చుతో రేసులాడే కుర్రాళ్ళ కోసం 500 సీసీ తరగతి పుట్టింది. చార్లెస్ కూపర్, ఆయన కొడుకు జాన్ కలిసి రెండు ఫియట్ టోపోలినో కార్ల ముందు భాగాలు తీసుకుని, వీపుకి వీపు ఆనించి అతికారు. మట్టి ట్రాకుల మీద పరిగెత్తే స్పీడ్‌వే బైకులకి జాప్ కంపెనీ చేసిన సింగిల్ సిలిండర్ ఇంజిన్ దానికి పెట్టారు.

ఇప్పుడు మీ వీధిలో ఆగి ఉన్న బుల్లెట్ బండిని చూడండి. దాని క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, బండికి అడ్డంగా, వెనక చక్రం ఇరుసుకి సమాంతరంగా ఉంటుంది. అందుకే చెయిన్ తిన్నగా వెళ్ళి చక్రాన్ని తిప్పేస్తుంది. ఆనాటి మామూలు కారులో క్రాంక్‌షాఫ్ట్ కారు పొడవునా, ముందు నుంచి వెనక్కి ఉండేది. ఆ తిప్పుడుని ఇరుసు దగ్గర 90 డిగ్రీలు మళ్ళించడానికి బరువైన క్రౌన్, పినియన్ గేర్లు కావాలి. బైక్ ఇంజిన్‌కి ఆ బెడద లేదు. కానీ దాన్ని కారు ముందు పెడితే చెయిన్ డ్రైవర్ పక్కనుంచి వెనక ఇరుసు దాకా పోవాలి. వెనక ఇరుసుకి కాస్త ముందు పెడితే చిన్న చెయిన్ చాలు. అలా పెట్టడమే పనికి సులువని పెట్టామని జాన్ కూపరే తర్వాత చెప్పేవారు.

ఇక్కడితో అయిపోలేదు. చెయిన్‌కి ఒక మొండితనం ఉంది: అది ఎక్కే రెండు పళ్ళ చక్రాల (స్ప్రాకెట్ల) మధ్య దూరం మారకూడదు. గతుకులో ఇరుసు ఎగిరితే అది బిగుసుకుంటుంది, లేదా వదులవుతుంది. ఒక చక్రమే ఎగిరితే ఇరుసు వాలి, చెయిన్ మెలిపడుతుంది. విరుగుడు ఏమిటంటే, వెనక స్ప్రాకెట్‌ని ఛాసిస్‌కే, అంటే కారు చట్రానికే బిగించి, అక్కణ్ణుంచి రెండు పక్కలకీ యూనివర్సల్ జాయింట్లు (వంగినా తిరిగే కీళ్ళు) ఉన్న షాఫ్టులు వెయ్యాలి. అప్పుడు చక్రాలు ఎంత ఎగిరినా స్ప్రాకెట్ కదలదు. దానికి ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే సస్పెన్షన్ ఉండాలి. టోపోలినో ముందు భాగంలో ఉన్నది సరిగ్గా అదే! అడ్డంగా పడుకున్న కమాన్ పట్టీలు, కింద ఒక విష్‌బోన్, అంటే V ఆకారపు చెయ్యి. పట్టీలే చక్రాన్ని పైనుంచి పట్టుకునే చెయ్యి కూడా. ఒక్క ఇనప కట్టకి రెండు ఉద్యోగాలు. ఆ ముందు భాగం కారు వెనక్కి వచ్చి చెయిన్ సమస్యని తీర్చేసింది.

చెయిన్ డ్రైవ్‌ని మన కాలేజీల్లో పళ్ళ సంఖ్య, పిచ్ అంటూ బోర్డు మీద ముగించేస్తారు. ఒక పాత బండి వెనక చక్రం విప్పి, ఆ చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ కదిలిస్తూ చెయిన్ వదులు చూపిస్తే పిల్లలకి ఈ డిజైన్ మొత్తం అరగంటలో అర్థమవుతుంది.

మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కూడా కూపర్ 500లో లేదు. రెండు చక్రాల మధ్య 1.1 మీటర్లు, మలుపు వ్యాసార్ధం 20 మీటర్లు అనుకుంటే, బయటి చక్రం లోపలి దానికంటే సుమారు 5.5 శాతం ఎక్కువ దూరం పోవాలి. ఆ తేడాని టైర్లు జారి సర్దుకునేవి. తేలికైన కారు, సన్నటి టైర్లు కాబట్టి చెల్లింది.

మరి గాలితో చల్లబడాల్సిన ఇంజిన్‌ని డ్రైవర్ వీపు చాటున పెడితే మాడిపోదా? కాపాడింది పెట్రోలుకి బదులు వాడిన మిథనాల్ అనే ఆల్కహాల్. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, మిథనాల్‌కి 6.4 కిలోలు చాలు. అంటే అంతే గాలికి 2.3 రెట్ల ఇంధనం లోపలికి పోతుంది. కిలో మిథనాల్ ఆవిరవడానికి సుమారు 1100 కిలోజౌళ్ళ వేడి పీల్చుకుంటుంది, పెట్రోలైతే 350 దరిదాపుల్లో. రెండూ గుణిస్తే లోపలినుంచి జరిగే చల్లదనం దాదాపు ఏడు రెట్లు!

1948లో 18 ఏళ్ళ స్టిర్లింగ్ మాస్ ఇలాంటి కూపర్‌తోనే రేసుల్లోకి దిగాడు. 1950లో ఈ తరగతి అంతర్జాతీయ ఫార్ములా 3 అయింది. 1958లో అదే మాస్ ఇంజిన్ వెనకున్న కూపర్‌తో ఫార్ములా వన్‌లో అర్జెంటీనా గ్రాండ్ ప్రి గెలిచాడు. 1959, 1960లలో జాక్ బ్రాబమ్ కూపర్ మీదే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ పెద్ద కార్లలో క్రాంక్‌షాఫ్ట్ మళ్ళీ కారు పొడవునా తిరిగింది, చెయిన్ పోయింది. ఇంజిన్ మాత్రం వెనకే ఉండిపోయింది. దానికి తగిన గేర్‌బాక్స్ బజారులో లేకపోతే, ముందు చక్రాలతో నడిచే సిట్రోయెన్ ట్రాక్సియోన్ అవాన్ కారు గేర్‌బాక్స్‌ని వెనక్కి తిప్పి, గట్టిపరిచి వాడుకున్నారు. 1959లో గెలిచిన కారు వెనక చక్రాల మధ్య అడ్డంగా పడుకున్నవి కూడా కమాన్ పట్టీలే.