పప్పు ఇట్టే ఉడికే నీళ్లు

నల్లగొండ ఫ్లోరైడ్ అనగానే ఏదో ఫ్యాక్టరీ వదిలిన విషం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫ్యాక్టరీలకు దీనితో సంబంధం లేదు. ఫ్లోరైడ్ ఆ నేలదే. తెలంగాణలో చాలాచోట్ల కాళ్లకింద ఉన్నది గ్రానైటు బండ. అందులోని ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీళ్లు ఆ బండ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిస్తే కొంచెం కొంచెంగా కరిగి వాటిలో కలుస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లు తాగి పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు (ఫ్లోరోసిస్) గురించి మన దేశంలో వైద్యులు తొలిసారి 1937లో రాశారు, అదీ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి. అప్పటికి మన ఊళ్లలో బోరు లారీలు తిరగడం లేదు.

మరి మనిషి చేసిందేమీ లేదా? ఉంది. అది అర్థం కావాలంటే కాస్త రసాయనశాస్త్రం కావాలి.

నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ ఎక్కువగా కరగలేదు. రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడుగా గట్టిపడి విడిపోతాయి. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బొనేట్ పెరిగిన నీళ్లలో ఆ అడ్డు ఉండదు. దీన్ని వంటింట్లో కొంతవరకు పసిగట్టవచ్చు. ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా కందిపప్పు ఉడకలేదంటే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువని అర్థం. ఇట్టే మెత్తబడితే అవి సోడా గుణమున్న నీళ్లు. జనం మెచ్చుకునేది ఈ రెండో రకాన్నే, ఫ్లోరైడుకు అనువైనవీ అవే. పప్పు ఉడికే ప్రతి నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందని కాదు. అయితే నాలుకకు తెలిసే మంచికీ, ఎముకకు జరిగే మంచికీ ఇక్కడ పొంతన లేదు. ఫ్లోరైడుకు రంగు, రుచి, వాసన ఉండవు. కాచినా పోదు.

మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. అంతకు చాలా ఎక్కువగా ఏళ్ల తరబడి తాగితే ముందు పిల్లల పళ్లు గారపడతాయి, తర్వాత కీళ్లు, వెన్ను బిగుసుకుంటాయి. పళ్ల గార వయసు దాటాక కొత్తగా రాదు. పంటి పింగాణీ తయారయ్యే చిన్నతనంలో తాగిన నీటి గుర్తు అది.

ఒకప్పుడు దిగుడు బావుల్లో తాగింది ఎక్కువగా పైపొర నీళ్లే. నారికురుపు, అంటే చర్మంలోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే జబ్బు ఉన్నవాళ్లు ఆ బావుల్లో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకుంటే, ఆ నీళ్లు తాగినవాళ్లకూ అది వచ్చేది. కలరా భయం ఉండనే ఉంది. అందుకే బండలోకి బోరు వేసి చేతిపంపు పెట్టారు. అది నిజమైన మేలు చేసింది, 2000లో మన దేశం నారికురుపు నుంచి విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. సూక్ష్మజీవిని తప్పించుకోవడానికి బండలోకి దిగాం. అక్కడున్నది వేరే శత్రువని అప్పుడు పరీక్షించి చూసినవాళ్లు తక్కువ.

ఆ తర్వాతి కథ సాగుది. చెరువులు పూడిపోయాయి, బోర్లు పెరిగాయి, 2004 నుంచి ఉచిత కరెంటు తోడైంది. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం ప్రాంతంలో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్లపాటు భూగర్భజలాలను పరిశీలించారు. అక్కడ తేలినదే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. వరి మడిలో పెట్టిన బోరు నీళ్లలో చాలా భాగం ఎండకు, పైరుకు పోతుంది. మిగిలినది ఉప్పులన్నిటినీ మోసుకుని మళ్లీ భూమిలోకి ఇంకుతుంది. దారిలో కాల్షియం సుద్దగా మారి మట్టిలోనే ఉండిపోతుంది, కొంత బంకమట్టి పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. ఫ్లోరైడుకు ఉన్న ఒక్క కళ్లెం అలా ఊడిపోతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న నీరు సగం ఆవిరైతే మిగిలినదాంట్లో 2 అవుతుంది. వచ్చే కారుకు అదే నీటిని మళ్లీ తోడతాం. పులుసు మరిగినకొద్దీ ఉప్పు ఎక్కువైనట్టే ఇదీ. రాతిలోని ఫ్లోరైడును మనం పుట్టించలేదు, దాన్ని ఏటేటా చిక్కబరుస్తున్నది మాత్రం మనమే.

కాలువ నీళ్లు వస్తే చిక్కు తీరుతుందనుకోవడానికీ లేదు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్లగొండ పల్లెల్లో ఈ జబ్బు కొత్త రూపాన్ని నమోదు చేశారు. ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి, పాదాలు ఎడమవుతున్నాయి. ఊట నీటితో నేల చవుడుబారి, ఆ నేలలో పండిన జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం పెరిగి, ఒంట్లో రాగి తగ్గి, ఫ్లోరైడ్ దెబ్బ ఎముకకు రెట్టింపైందని వాళ్ల ప్రతిపాదన. జొన్నే ముఖ్యాహారమైన పేదల పిల్లలే దీనికి ఎక్కువగా దొరికారు. మా ఇంట్లో అయితే బియ్యం ఉన్నాయి కదా అనుకోగలిగినవాళ్లకు ఆ భయం తక్కువన్నమాట.

2020 నాటికి కేంద్రం లెక్కల్లో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్నాకు చేరాయి. మిషన్ భగీరథ నల్లాల్లో నది నీళ్లు వస్తుండడం వల్ల సాధ్యమైంది అది. చిన్న విషయం కాదు. అయితే ఆ సున్నా నల్లాలకు సంబంధించినది, బండ కింది నీళ్లకు కాదు. నాట్లకు వెళ్లిన కూలీలకు మధ్యాహ్నం దాహమైతే దగ్గరున్నది మోటారు దగ్గరి నీళ్లే.

చెరువు పూడిక తీసి వాననీటిని ఇంకిస్తే పైపొర నీళ్లలో ఫ్లోరైడ్ పలచబడుతుంది. అంతకన్నా గట్టి పని వరి తగ్గించి ఆరుతడి పంటలు వేయడం, తోడేది తగ్గితే చిక్కబడేదీ తగ్గుతుంది. ఈ మాట రైతుకు చెప్పడం తేలికే. వడ్లయితే ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంటుంది, కందులు, పెసలు ఎవరు కొంటారని ఆయన అడుగుతాడు. ఫ్లోరైడును కొలిచే శాఖ ఒకటి, వడ్లు కొనే శాఖ ఇంకొకటి.