రాగి లైను తీసి ఫైబర్ వేయిస్తున్నారా? ఆఫీసు ఫోన్ల మీద అపోహలు – వాస్తవాలు

లాడ్జీలు, నర్సింగ్ హోములు, రైస్ మిల్లుల్లో రాగి తీగల ల్యాండ్‌లైన్లు ఇంకా కొన్ని నడుస్తూనే ఉన్నాయి. వాటిని మార్చేటప్పుడు ఫైబర్ దగ్గర వచ్చే ఇబ్బంది తక్కువే. పాత తీగ చివర తగిలించి మర్చిపోయిన వస్తువులే అసలు తిప్పలు పెడతాయి.

అపోహ: కరెంటు పోయినా ల్యాండ్‌లైన్ మోగుతుంది, ఫైబరైనా అంతే.

రాగి లైనుకు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి 48 వోల్టుల డీసీ వస్తుంది. మీ వీధంతా చీకటైనా ఫోను పలికేది అందుకే. ఫైబరు గాజు, అందులో వెలుగు తప్ప కరెంటు రాదు. ఆ వెలుగును ఫోను, ఇంటర్నెట్ సిగ్నల్‌గా మార్చేందుకు గోడకు బిగించే ఓఎన్‌టీ పెట్టె మీ కరెంటు మీదే బతకాలి.

పెట్టె 12 వోల్టులది, సుమారు 10 వాట్లు తింటుందనుకోండి. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీతో కాగితం మీద 8 గంటలు వస్తాయి. నమ్ముకోవాల్సింది 5 గంటలే. ఇన్వర్టర్ మీద పెడితే దాన్ని యూపీఎస్ మోడ్‌లో (కరెంటు పోగానే వెంటనే బ్యాటరీకి మారే మోడ్) ఉంచండి. లేదంటే కరెంటు పోయిన ప్రతిసారీ ఓఎన్‌టీ ఆగి, మళ్లీ లేచి, డయల్ టోన్ ఇచ్చేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కరెంటు పోతే ఒక లైనును నేరుగా రిసెప్షన్ ఫోనుకు కలిపే ఏర్పాటు చాలా ఇంటర్‌కమ్ బోర్డుల్లో (లోపలి ఫోన్లన్నిటినీ కలిపే పెట్టె) ఉంటుంది. ఓఎన్‌టీకి బ్యాకప్ లేకపోతే అదీ దండగే.

అపోహ: నంబరు ఎలాగూ మనదే, ఏ కంపెనీకైనా తీసుకుపోవచ్చు.

మొబైల్ నంబరుకు 2011 నుంచి దేశమంతా ఆ సౌకర్యం ఉంది. ల్యాండ్‌లైనుకు లేదు. బోర్డుల మీద, బిల్లు పుస్తకాల మీద ఉన్న 0866 నంబరో 040 నంబరో పోకూడదంటే అదే కంపెనీలో రాగి నుంచి ఫైబర్‌కు మార్పిడి అడగాలి. ‘పాతది సరెండర్ చేసి కొత్తది తీసుకుందాం’ అన్నారో, నంబరు చేయి దాటినట్టే. దరఖాస్తులోనే ‘అదే నంబరుతో మార్పిడి’ అని రాయండి. వేరే కంపెనీ సిప్ ట్రంకుకు (ఇంటర్నెట్ పద్ధతిలో నడిచే ఫోన్ లైన్లు) వెళ్తున్నట్లయితే పాత లైనును కొన్ని నెలలు కాల్ ఫార్వార్డింగ్‌తో బతికించండి.

అపోహ: పాత ఇంటర్‌కమ్ బోర్డు పారేయాలి.

అక్కర్లేదు. ఓఎన్‌టీ వెనక ఉండే ఫోన్ పోర్టు పాత లైనులాగే రెండు తీగల అనలాగ్ లైను ఇస్తుంది. దాన్ని బోర్డులో ఎక్స్ఛేంజి లైను వచ్చే పోర్టుకు కలిపితే సరి. అయితే కలిపే ముందు బయటి నుంచి వచ్చే రాగి తీగల జతను రోసెట్టు (గోడ మీది ఫోన్ సాకెట్) దగ్గరో డీపీ బాక్సులోనో (బయటి లైన్లను పంచే పెట్టె) విడదీయాలి. ఎక్స్ఛేంజి 48 వోల్టులు ఎదురొస్తే ఓఎన్‌టీ ఫోన్ పోర్టు కాలిపోవచ్చు. మల్టీమీటరు డీసీలో పెట్టి, తీగల్లో సున్నా చూపించాకే ప్లగ్ పెట్టండి.

తర్వాత ఎక్కువగా వచ్చే ఫిర్యాదు, అవతలివాళ్లు పెట్టేసినా లైను ఖాళీ కాకపోవడం. కాల్ ముగిసిందని చెప్పే బిజీ టోన్‌ను బోర్డు గుర్తుపట్టకపోవడమే కారణం. మన దేశంలో అది 400 హెర్ట్జ్, 0.75 సెకను మోత, 0.75 సెకను విరామం. బోర్డులోనూ ఓఎన్‌టీలోనూ దేశం ‘ఇండియా’గా ఉందో లేదో చూడాలి. కాలర్ ఐడీ కనిపించకపోతే ఆ నంబరును పంపే డీటీఎంఎఫ్, ఎఫ్ఎస్‌కే అనే రెండు పద్ధతులు మార్చి చూడండి. దూరంగా గోడౌనుకు లాగిన లైనులో గంట మోగకపోతే, ఓఎన్‌టీ గంటకు పంపే వోల్టేజీ అంత దూరం చాలడం లేదన్నమాట. ఒకే జతకు నాలుగైదు ఫోన్లు తగిలించినా ఇదే జరుగుతుంది.

అపోహ: లిఫ్టు ఫోను, ఫైర్ అలారం వాటంతటవే సర్దుకుంటాయి.

ఎక్కువగా దెబ్బతినేవి ఇవే. లైను మార్చే ముందు టోన్ జనరేటర్‌తో (తీగలోకి శబ్దం పంపి దాని దారి పట్టించే పరికరం) ఒక్కో జతను చివరిదాకా పట్టుకుని, ఎక్కడ ఏముందో రాసుకోండి. అలారం ప్యానెళ్లలో పాత మొబైల్ నంబర్లు ముందు సున్నా లేకుండా ఫీడ్ చేసి ఉంటాయి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు సున్నా తప్పనిసరి. ప్యానెల్‌ను నిజంగా మోగించి, కాల్ వచ్చేదాకా చూడాలి. ఫ్యాక్స్ ఇంకా వాడుతుంటే వేగం సెకనుకు 9600 బిట్లకు దించి, కంపెనీని జీ.711 (శబ్దాన్ని పెద్దగా కుదించకుండా పంపే పద్ధతి) లేదా టీ.38 (ఫ్యాక్స్ కోసమే ఉన్న పద్ధతి) అడగండి. శబ్దాన్ని బాగా కుదించే జీ.729లో ఫ్యాక్స్ పోదు.

అపోహ: ఎక్కువ స్పీడు ప్లాన్ తీసుకుంటే మాట స్పష్టంగా వస్తుంది.

జీ.711లో ఒక కాల్‌కు ఒక్కో వైపు సుమారు 87 కేబీపీఎస్ చాలు. పది కాల్స్ కలిపినా ఒక ఎంబీపీఎస్ దాటవు. మాట తెగడానికి సాధారణ కారణం సీసీ కెమెరాలు అప్‌లోడును నింపేయడం. ఐపీ ఫోన్లు వాడేవారు రౌటర్లో వాయిస్‌కు ప్రాధాన్యం ఇచ్చి, ఫోన్ కాల్ సమాచారాన్ని మధ్యలో మార్చే సిప్ ఏఎల్‌జీ సెట్టింగ్‌ను ఆపేయండి. ఒకవైపు మాట వినపడకపోవడానికి చాలాసార్లు అదే కారణం.

అపోహ: ఫైబరుకు పిడుగు భయం లేదు.

గాజుకు లేదు గానీ, స్తంభం నుంచి భవనానికి వచ్చే కొన్ని డ్రాప్ కేబుళ్లకు బలం కోసం ఇనుప తీగ ఉంటుంది. దాన్ని బయటే కట్టేసి కత్తిరించాలి, లోపలికి తేకూడదు. అడాప్టర్ వైపు నుంచి వచ్చే సర్జ్ (హఠాత్తుగా పెరిగే వోల్టేజీ) ఎలాగూ ఉంటుంది.

లైన్‌మన్ వెళ్లేలోపు, ఫైబర్‌లో వెలుగు బలాన్ని డీబీఎంలో కొలిచే పవర్ మీటరు రీడింగ్ చూపించమనండి. సాధారణ ఓఎన్‌టీ మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం వరకు పనిచేస్తుంది, కానీ మైనస్ 24 కన్నా బలహీనంగా ఉంటే ఒప్పుకోకండి. పచ్చ కనెక్టరును నీలం సాకెట్లో పెట్టినా, కేబుల్‌ను మూలలో మడిచి మేకు కొట్టినా రీడింగ్ పడిపోతుంది. మార్పిడిని శనివారం సాయంత్రం పెట్టుకోకండి. మంగళవారం ఉదయమైతే తప్పు దొరికినా సరిచేయడానికి మనుషులు దొరుకుతారు.