పోయేటప్పుడు ఏడు గంటలు, వచ్చేటప్పుడు ఐదు

మామునూరు ఎయిర్‌పోర్టు మళ్ళీ తెరుస్తారన్న వార్తలు వస్తున్నప్పటి నుంచి వరంగల్‌లో అందరికీ విమానాల లెక్కల మీద ఆసక్తి పెరిగింది. ఇక్కడి నుంచి ఢిల్లీకి తిన్నగా గీత గీస్తే సుమారు 1,200 కిలోమీటర్లు. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుంది కాబట్టి గంటా ఇరవై నిమిషాల్లో చేరాలి. మరి శంషాబాద్ నుంచి ఢిల్లీ టికెట్ మీద రెండు గంటలకు పైన ఎందుకు వేస్తారని హన్మకొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు.

టికెట్ మీద వేసేది గేటు నుంచి గేటుకు పట్టే సమయం. రన్‌వే దాకా పోవడం, పైకెక్కడం, దిగడం, ఢిల్లీ మీద వంతు కోసం చక్కర్లు కొట్టడం అన్నీ అందులోనే ఉంటాయి. ఆ సంగతి అంతే. అసలు మజా గాలిలో ఉంది.

గంటకు 900 అన్నది నేల మీద వేగం కాదు, చుట్టూ ఉన్న గాలిలో విమానం వేగం. ఆ గాలి కూడా కదులుతుంది. ఏటూరునాగారం దగ్గర గోదావరిలో పడవ వాలుకు పోయినప్పుడు ఏరే మోసుకుపోతుంది, ఎదురెక్కితే వెనక్కి లాగుతుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద దాదాపు పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు అలాంటి ఏరే పారుతుంది. దాని పేరు జెట్ స్ట్రీమ్. గంటకు 150 కిలోమీటర్లు దానికి మామూలే.

పడమరకు 5,250 కిలోమీటర్ల ప్రయాణం అనుకుందాం. ఎదురుగాలిలో నేల మీద వేగం 750, కాబట్టి ఏడు గంటలు. తిరుగు ప్రయాణంలో 1,050, అంటే ఐదు గంటలు. మొత్తం పన్నెండు. గాలే లేకపోతే రానూ పోనూ 11 గంటల 40 నిమిషాలే! పోయింది వచ్చింది సరిపోవాలి కదా, 20 నిమిషాలు ఎటు పోయాయి? ఎదురుగాలి ఏడు గంటలు ఆపింది, వెనకగాలి ఐదు గంటలే తోసింది. నష్టపోయే చోట ఎక్కువసేపు ఉన్నాం. పక్కగాలి కూడా ఊరికే వదలదు. దారి తప్పకుండా ముక్కును గాలివైపు తిప్పి ఎగరాలి. 900 వర్గంలోంచి 150 వర్గం తీసేసి వర్గమూలం కడితే మిగిలే వేగం 887. పోయేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే.

పోటీ పరీక్షల కోచింగ్‌లో ‘పడవలు–ప్రవాహాలు’ పాఠం పిల్లలతో వందలసార్లు చేయిస్తారు. తలమీద ఎగిరే విమానానిదీ అదే లెక్క అని ఒక్కసారి చెబితే ఆ సూత్రాన్ని జన్మలో మరిచిపోరు.

భూమి కింద తిరుగుతోంది కాబట్టే ఈ తేడా అని చాలామంది నమ్ముతారు. అది తప్పు. రన్‌వే మీద ఆగి ఉన్నప్పుడే విమానం భూమితోపాటు తిరుగుతోంది. కానీ గాలికి ఆ పరుగు నేర్పింది భూభ్రమణమే. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్లు తూర్పుకు తిరుగుతుంది, 30 డిగ్రీల అక్షాంశం దగ్గర దాదాపు 1,450. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచి ఉత్తరానికి వచ్చే గాలి తన పాత వేగాన్ని పూర్తిగా వదులుకోదు, నేలను దాటి తూర్పుకు దూసుకుపోతుంది. శుక్రవారం పడమరకు వారశూల అని ప్రయాణం మార్చుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ఆ ఎత్తున చలికాలమంతా, ఏ వారమైనా, పడమరకు ఎదురుగాలే.

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ లెక్కనే నమ్ముకుంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా 13,900 కిలోమీటర్ల దారి మానేసి, వెనకగాలి దొరికేలా తూర్పుకు, పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్ల దారి పట్టింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి, దాదాపు రెండు గంటలు ముందే దిగింది.