ఫారో చీమలు: స్ప్రే కొట్టే కొద్దీ ఎందుకు పెరుగుతాయి?

నెల్లూరులో పెస్ట్ కంట్రోల్ పని నాది. వారానికి ఒక ఫోనన్నా ఇదే: "స్ప్రే కొడతానే ఉండామన్నా, చీమలు పెరగతానే ఉండాయి." కొట్టబట్టే పెరుగుతున్నాయమ్మా!

అపోహ: స్ప్రే కొడితే చీమల గూడు ఖాళీ.

వాస్తవం: వంటింటి గట్టు మీద బారు కట్టే ఆ లేత పసుపు చీమ, 2 మిల్లీమీటర్లది, ఫారో చీమ. సరుకులతో పాటు దేశదేశాలకూ పాకింది. దీనికి ఒక గూడంటూ ఉండదు. గోడ పగులు, స్విచ్‌బోర్డు, బీరువా వెనక సందు, ఏదైనా చాలు. ఒక్క గుంపులోనే బోలెడు రాణులు. మందు వాసన తగలగానే కొన్ని పనిచీమలు గుడ్లనూ పిల్లలనూ నోట కరుచుకుని పక్క గదిలో వేరు కాపురం పెడతాయి. రాణి వెంట రాకపోయినా, ఆ పిల్లల్లోంచే కొత్త రాణిని పెంచుకుంటాయి. ఇలా వేరుపడ్డ గుంపులు కొట్టుకోవు కూడా.

పసుపు, కర్పూరం చల్లితే పోతాయా? పక్కనుంచి తిరిగొస్తాయి. వానాకాలం లైటు చుట్టూ మూగే ఉసుళ్లు వీటివేనా? కాదు, అవి చెదలవి. ఫారో రాణికి రెక్కలున్నా ఎగరదు, గూట్లోనే జతకడుతుంది. ఎర్రచీమలొస్తే అప్పులంట! స్ప్రే డబ్బాలకు పెట్టే ఖర్చు చూస్తే నిజమేననిపిస్తుంది.

మొన్న వేసవిలో మాగుంట లేఔట్‌లో ఒకింటికి పోయా. కూతురు పురిటికొచ్చింది. చీమలు ఉయ్యాల దాకా వచ్చాయని తల్లికి నిద్రల్లేవు. ఆ భయం నాకర్థమవుతుంది. తడి కోసం బిడ్డ కళ్ల దగ్గరికీ చేరే రకం ఇది. ముందు ఉయ్యాల స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టించా. మెయిన్ ఆపి స్విచ్‌బోర్డు విప్పితే, లోపల గసగసాలు పోసినట్టు గుడ్లు.

పంచదార పాకంలో 1 శాతం బోరిక్ యాసిడ్ కలిపి, పిల్లలకు అందనిచోట మూతల్లో పెట్టా. మోతాదు పెంచకూడదు. తిన్న చీమ వెంటనే చస్తే గూటికి చేరదు. చేరితేనే నోటి నుంచి నోటికి రాణుల దాకా పోతుంది.

మర్నాడే ఆ తల్లి ఫోను. "ఏందబ్బయా, నువ్వు పెట్టినాక ఇంకా ఎక్కువైనాయే!" మూగాలనే కదా పెట్టింది! నేను పోయేలోపే మూతల మీద స్ప్రే కొట్టేసింది. మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి పెట్టాక మూడు వారాలకు బారు కనపడకుండా పోయింది.

ఈసారి మాత్రం ఆమె స్ప్రే డబ్బాను నా స్కూటర్ డిక్కీలో వేసుకుని వచ్చేశా.