లోహానికీ ఓ గతం ఉంటుంది

అగ్గిపుల్ల మందం ఉన్న రాగి తీగ ముక్క ఒకటి తీసుకోండి. మంటలో ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చినదైతే ఇంకా మంచిది. వేళ్లతో వంచితే తాడులా వంగిపోతుంది. ఇప్పుడు దాన్ని మళ్లీ తిన్నగా చెయ్యబోండి. వంగిన చోటు మొండికేస్తుంది. దాని పక్కనే ఇంకోచోట కొత్త వంపు తిరుగుతుంది. ఒకే ఒక్కసారి వంచినందుకే ఆ కాస్త మేర తీగ గట్టిపడిపోయింది. అలాగే అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి పుటుక్కున విరుగుతుంది. విరక్కముందే ఆపి, ఆ చోటును మళ్లీ మంటలో పెట్టి తీస్తే మొదట్లో ఉన్నంత మెత్తగా అయిపోతుంది.

ఇందులో కొత్తగా ఏమీ కలపలేదు, ఏమీ తియ్యలేదు. మొదటి నుంచీ అది రాగే. అయినా ఒక్క తీగే కాసేపు మెత్తగా, కాసేపు గట్టిగా, ఇంకాసేపు పెళుసుగా ఉంది. తనకు ఏం జరిగిందో దాన్నంతా లోపల దాచుకుంది.

లోహాల చుట్టూ మంత్రశక్తిని అల్లిన ఫాంటసీ కథలంటే నాకు ప్రాణం. అవి చదివేటప్పుడల్లా ఈ తీగ గుర్తొస్తుంది. ఆ కథల్లో చాలావరకు శక్తి లోహం పేరులోనే ఉంటుంది. వెండి తగిలితే పిశాచం చస్తుంది. ఇనుము ఉన్నచోట మాయలు పనిచెయ్యవు. ఏదో కొండ కడుపులో దొరికే అరుదైన లోహంతో చేసిన కవచం ఈకంత తేలిగ్గా ఉంటుంది, ఏ కత్తికీ లొంగదు. పేరు చెబితే గుణం చెప్పేసినట్టే. అసలు లోహశాస్త్రంలో పేరు సగం సంగతే చెబుతుంది. ఎంత వేడి తగిలింది, ఎంత త్వరగా చల్లారింది, ఎన్ని సమ్మెట దెబ్బలు తిన్నది, చిటికెడు ఏం కలిసింది అన్నవి మిగతా సగం. నాకు ఆ రెండో సగమే ఎక్కువ మాయగా కనిపిస్తుంది.

రాగి తీగలో జరిగిందేమిటో చూద్దాం. లోహంలో అణువులు వరసలు వరసలుగా పేర్చినట్టు ఉంటాయి. ఆ పేర్పు ఎక్కడా తప్పకుండా ఉంటే, ఒక పొర మీద ఇంకో పొర జరగడానికి ఎంత బలం కావాలో లెక్క కట్టవచ్చు. 1920ల్లో ఆ లెక్క కట్టి చూస్తే, నిజం లోహాలు వంగే బలం కంటే అది కొన్ని వందల రెట్లు, కొన్నిటిలో వేల రెట్లు ఎక్కువ తేలింది. ఇంత తేడా ఎందుకన్నది పెద్ద చిక్కుముడి అయింది. 1934లో టేలర్, ఒరోవాన్, పోలాని అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా ఒకే జవాబు చెప్పారు. వరసల్లో అక్కడక్కడ తప్పులుంటాయి. గది నిండా పరిచిన జంపఖానాను మొత్తంగా ఒకేసారి లాగాలంటే మన వల్ల కాదు. ఒక అంచున చిన్న మడత లేపి, ఆ మడతను అవతలి అంచుదాకా నెట్టుకుంటూ పోతే మాత్రం జంపఖానా సులువుగా జరుగుతుంది. లోహంలోని తప్పులు ఆ మడతలాంటివే. వాటిని డిస్‌లొకేషన్లు అంటారు. తీగను వంచినకొద్దీ కొత్తకొత్త మడతలు పుట్టి, ఒకదాన్లో ఒకటి చిక్కుకుని కదల్లేక నిలిచిపోతాయి. తీగ గట్టిపడిందంటే అదే. మంటలో పెట్టినప్పుడు అణువులకు కదిలే వీలు దొరికి, కొత్త స్ఫటికాలు పెరిగి ఆ చిక్కులన్నీ పోతాయి.

అంటే లోహం మనకు లొంగి వంగుతున్నదే దానిలోని లోపాల వల్ల. ఇక్కడ కథలు తెలియకుండానే ఒక నిజాన్ని తాకాయి. 'లోపమే లేని లోహం' దొరికితే అది అజేయమని అవి చెబుతుంటాయి. 1952లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో హెరింగ్, గాల్ట్ అనే ఇద్దరు తగరం మీద మీసాల్లా మొలిచే సన్నని పోగుల్ని వంచి చూశారు. ఆ పోగుల్లో మడతలు దాదాపు లేవు. మామూలు తగరం వంగిపోయే చోట అవి ఎన్నో రెట్లు ఎక్కువ వంపును తట్టుకుని, వదలగానే తిన్నగా లేచి నిలబడ్డాయి. గోటితో గీరితే గీత పడే తగరమే, అమరిక కుదిరితే అంత బలంగా ఉంది.

ఇక మంత్రఖడ్గాల సంగతి. ఈ విషయంలో కథలకూ కొలిమికీ మధ్య దూరం చాలా తక్కువ.

ఇనుముకు ఒక విచిత్రమైన స్వభావం ఉంది. 912 డిగ్రీల సెల్సియస్ దాటాక దాని అణువుల అమరిక పూర్తిగా మారిపోతుంది. ఆ వేడి అమరికలో కర్బనం దూరడానికి చోటు ఉంటుంది, చల్లటి అమరికలో దాదాపు ఉండదు. నెమ్మదిగా చల్లారనిస్తే కర్బనం బయటికి వచ్చి వేరే సర్దుకుంటుంది. ఎర్రగా కాలిన ఉక్కును ఒక్కసారిగా నీళ్లలో ముంచితే దానికి బయటికి వచ్చే టైమ్ ఉండదు. ఉన్నచోటనే ఇరుక్కుపోతుంది. స్ఫటికం మొత్తం ఆ ఇరుకుతో బిగుసుకుపోయి, ఆకురాయికి కూడా లొంగనంత గట్టిగా తయారవుతుంది. ఇదంతా వందకు ఒక పాలైనా లేని కర్బనంతో. కానీ ఆ స్థితిలో ఉన్న కత్తిని కిందపడేస్తే గాజులా పగలొచ్చు. అందుకే కమ్మరి దాన్ని మళ్లీ కాస్త వేడి చేస్తాడు. ఈ దశ దగ్గరుండి చూడాలి. రాతితో రుద్ది తెల్లగా మెరిపించిన ఉక్కు మీద మొదట లేత గడ్డిరంగు పాకుతుంది. తర్వాత గోధుమరంగు, ఆపైన వంకాయరంగు, దాని వెనకే నెమలికంఠం లాంటి నీలం. ఉక్కు మీద ఏర్పడే పలచటి ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి వచ్చే రంగులివి. గడ్డిరంగు సుమారు 220 డిగ్రీలు, నీలం సుమారు 300. కోతకు వాడే పనిముట్టయితే గడ్డిరంగు దగ్గర ఆపాలి, స్ప్రింగయితే నీలం రానివ్వాలి. క్షణం ఆలస్యమైతే ఆ రంగు దాటిపోతుంది.

థర్మామీటర్ లేని రోజుల్లో ఈ విద్యను మనిషికి మనిషి ఎలా అందించాలి? 12వ శతాబ్దంలో థియోఫిలస్ అనే పేరుతో ఒక క్రైస్తవ సన్యాసి చేతిపనుల మీద లాటిన్‌లో గ్రంథం రాశాడు. పనిముట్లు బాగా గట్టిపడాలంటే నీళ్లలో కంటే ఎర్రజుట్టు ఉన్న చిన్న పిల్లాడి మూత్రంలో ముంచడం మేలని అందులో ఉంది. మొదటిసారి చదివినప్పుడు ఇది ఉత్త క్షుద్రవిద్య అనిపిస్తుంది. ఎర్రజుట్టుకూ ఉక్కుకూ సంబంధం లేని మాట నిజమే. మూత్రం సంగతి అలా కాదు, అందులో ఉప్పు ఉంటుంది. కాలిన ఉక్కును మామూలు నీళ్లలో ముంచగానే చుట్టూ ఆవిరి తొడుగు ఏర్పడుతుంది. ఆ తొడుగు వేడిని బయటికి పోనివ్వదు. ఉప్పునీళ్లలో ఆ తొడుగు నిలవదు, చిటపటమంటూ చెదిరిపోతుంది. ఉక్కు ఇంకా వేగంగా చల్లారుతుంది, ఇంకా గట్టిపడుతుంది. ఇప్పటి కార్ఖానాల్లో కూడా కొన్ని ఉక్కుల్ని కావాలనే ఉప్పునీళ్లలో ముంచుతారు. మంత్రం చుట్టూ ఉన్న పొట్టు వొలిస్తే లోపల గింజ ఉంది. కత్తి కాలేటప్పుడు మంత్రం చదవాలన్న నియమాల వెనక కూడా ఇలాంటిదే ఉండి ఉంటుందని నా ఊహ. గడియారం లేనివాడికి ప్రతిసారీ ఒకే నిడివిలో పూర్తయ్యే శ్లోకమే గడియారం కదా.

డమాస్కస్ కత్తుల మీద నీటి అలల్లా మెరిసే చారలు ఉంటాయి. వాటికి వాడిన ఉక్కును దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ మూసల్లో వండేవారు. 19వ శతాబ్దానికి ఆ విద్య ఆగిపోయింది. మైకేల్ ఫారడే అంతటివాడు విద్యుత్తు వైపు పూర్తిగా మళ్లకముందు, 1820 ప్రాంతంలో, ఈ ఉక్కు రహస్యం కోసం ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. చాలాకాలం తర్వాత వెర్‌హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి కలిసి అలాంటి చారల్ని మళ్లీ రప్పించారు. ముడి ఇనుములో సహజంగా కలిసి వచ్చిన వెనేడియంలాంటి మూలకాలు ఆ చారలకు కారణమని వాళ్లు చూపించారు. అవి అతిస్వల్పంగా ఉంటే చాలు. ఆ పాత పనివాళ్లకు వెనేడియం పేరు కూడా తెలియదు. ఒక గనిలోని ఖనిజం అయిపోయి ఇంకో గని ఖనిజం వచ్చిన రోజున, చేతులు అవే, మూసలు అవే, చారలు మాత్రం రావు. మంత్రం ఎక్కడ తప్పిందో ఎవరికీ అంతుపట్టదు. ఏ ఫాంటసీ రచయితకైనా ఇంతకంటే బరువైన కథావస్తువు దొరుకుతుందని నేననుకోను.

ఇనుముకు దైవశక్తి ఉందన్న నమ్మకం కూడా ఊరికే పుట్టలేదు. ఖనిజం నుంచి ఇనుము తీయడం రాకముందు మనుషులకు దొరికిన ఇనుము ఎక్కువగా పైనుంచి పడిందే. ఈజిప్టు రాజు టూటంకామున్ మమ్మీ దగ్గర ఒక ఇనుప బాకు దొరికింది. 2016లో దాన్ని ఎక్స్ కిరణాలతో పరీక్షిస్తే దాదాపు 11 శాతం నికెల్ బయటపడింది. అది ఉల్క ఇనుము. ఈజిప్టు వాళ్లే తర్వాతి కాలంలో ఇనుమును 'ఆకాశపు ఇనుము' అని రాసుకున్నారు. అలాంటి ఉల్కను కోసి, నునుపు చేసి, ఆమ్లం పూస్తే ఒకదాన్నొకటి కోసుకునే పట్టీల అల్లిక పైకి తేలుతుంది. గ్రహశకలం కడుపులో లక్షల ఏళ్లపాటు అతి నెమ్మదిగా చల్లారితేనే ఆ అల్లిక వస్తుంది. ఏ కొలిమిలోనూ అంత ఓపిక సాధ్యం కాదు.

కొన్ని నవలల్లో పాత్రలు లోహాన్ని మింగి, లోపల 'మండించి' బలం తెచ్చుకుంటాయి. మింగడం మాట పక్కన పెడితే, మండించడం నిజమే. ఇనుమును సన్నని పొడి చేస్తే చక్కగా మండుతుంది. 2020లో నెదర్లాండ్స్‌లోని ఒక బీరు కర్మాగారంలో ఇనుప పొడిని మండించి ఆవిరి పుట్టించారు. బొగ్గుపులుసు వాయువు రాదు, మిగిలేది తుప్పు. దాన్ని హైడ్రోజన్‌తో మళ్లీ ఇనుము చేసుకోవచ్చు. ఎదుటివాడి నెత్తురులోని ఇనుమును అయస్కాంతంలా లాగే విలన్లు మాత్రం నన్ను ఒప్పించలేరు. మన ఒంట్లో మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములే. అదీ మేకులా ముద్దగా ఉండదు, చాలావరకు ఒక్కో అణువుగా ప్రోటీన్లలో విడివిడిగా ఇమిడి ఉంటుంది. మేకును లాగే అయస్కాంతానికి అది చిక్కదు.

మాయలా కనిపించేవి వేరే ఉన్నాయి. శుద్ధమైన తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే కీచుమని ఏడుస్తుంది. లోపల స్ఫటికాలు ఒక్కసారిగా దిశ మార్చుకునే చప్పుడది. అదే తగరం 13 డిగ్రీల కంటే చల్లటి చోట ఎక్కువకాలం ఉంటే బూడిదరంగుకు మారి పొడిపొడిగా రాలిపోవచ్చు. కాస్త సీసం గానీ బిస్మత్ అనే లోహం గానీ కలిపితే ఆ జబ్బు రాదు. గాలియం అనే లోహం ఇంకా వింత. అరచేతి వేడికే కరుగుతుంది. అల్యూమినియం మీద పైపొర గీరి, అక్కడ ఒక గాలియం చుక్క పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. ఆ చుక్క స్ఫటికాల మధ్య సందుల్లోకి దూరిపోతుంది. బయటికి ఏ మార్పూ కనిపించదు. చేతిలోకి తీసుకుని నొక్కితే అల్యూమినియం బిస్కెట్‌లా విరుగుతుంది. శత్రువు కవచం మీద ఒక్క బొట్టు చాలు అన్న శాపం ఎవరైనా రాస్తే నేను అక్షరం మార్చమనను.

కథల్లో మంత్రానికి మూల్యం ఉంటుంది. లోహపు పనికీ ఉండేది. తగరంతో కంచు చెయ్యడం వ్యాపించకముందు చాలాచోట్ల ఆర్సెనిక్ కలిసిన రాగితో పనిముట్లు చేసేవారు. ఆ ఖనిజం కాల్చినప్పుడు వచ్చే పొగ విషం. అది నరాల్ని, కాళ్లను దెబ్బతీస్తుంది. గ్రీకుల కమ్మరి దేవుడు హెఫీస్టస్ కుంటివాడు, ఉత్తర యూరప్ గాథల్లోని కమ్మరి వేలండ్ కూడా కుంటివాడే. ఆ కుంటితనం వెనక ఆర్సెనిక్ ఉందేమోనని కొందరు పరిశోధకులు అనుమానించారు. రుజువు చేయగలిగింది కాదు. అయినా ఆ దేవుడి బొమ్మ చూసినప్పుడల్లా పేరు కూడా మిగలని ఎందరో పనివాళ్లు నాకు గుర్తొస్తారు.

గతాన్ని దాచుకోవడంలో అన్ని లోహాలనూ మించిపోయింది మాత్రం ఒక మిశ్రమలోహం. 1959 ప్రాంతంలో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ నికెల్, టైటానియం సమపాళ్లలో కలిపి చూస్తున్నాడు. 1961లో ఒక సమావేశంలో ఆ లోహపు పట్టీని విసనకర్రలా మడతలు పెట్టి, ఎన్నిసార్లు వంచినా విరగదని చూపించడానికి చేతులు మార్చుతూ తిప్పారు. పైపు తాగే అలవాటున్న డేవిడ్ మజీ అనే అధికారి, వేడి తగిలితే ఏమవుతుందో చూద్దామని జేబులోంచి లైటర్ తీసి వెలిగించాడు. మడతలన్నీ వాటంతట అవే విచ్చుకుని పట్టీ తిన్నగా సాగింది. ఆ లోహమే నిటినాల్. దాన్ని ఒక ఆకారంలో బిగించి 500 డిగ్రీల దగ్గర ఉంచితే ఆ ఆకారం దానికి వచ్చేస్తుంది. తర్వాత చల్లగా ఉన్నప్పుడు ఎలా నలిపినా, వేడి తగలగానే ఆ ఆకారానికే తిరిగి వస్తుంది. ఇవాళ దానితో రక్తనాళాల్లో పెట్టే స్టెంట్లు చేస్తున్నారు. జల్లెడలా అల్లిన ఆ గొట్టాన్ని నలిపి, సన్నని ట్యూబులో దూర్చి, కాలి నాళాల్లో మూసుకుపోయిన చోటుదాకా తీసుకెళ్తారు. ట్యూబును నెమ్మదిగా వెనక్కి లాగుతారు. ఒంటి వేడి తగిలిన ఆ అల్లిక, కొలిమిలో తనకు నేర్పిన ఆకారానికి విచ్చుకుని, నాళం గోడల్ని ఆనుకుని నిలబడుతుంది.