స్లైడులో మాయమైన ఎనామిల్

"మా అమ్మాయి బీడీఎస్ మొదటి ఏడాది. మైక్రోస్కోపులో చూపించిన పంటి స్లైడులో ఎనామిల్ (పంటి మీది గట్టి పూత) ఉండాల్సిన చోట ఖాళీగా ఉందట. స్లైడు పాడైందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. పాడవలేదండీ. నాకు ఎంతో ఇష్టమైన ఖాళీ అది.

పంటిని ఉన్నదున్నట్టు బ్లేడుతో పలచగా కొయ్యలేం. రోజుల తరబడి ఆమ్లంలో నానబెట్టి, ఖనిజం కరిగి మెత్తబడ్డాక కోస్తారు. మన పాత తడిక గోడను తలుచుకోండి. వాన మట్టిని కడిగేసినా తడిక నిలబడుతుంది. ఎనామిల్ కింద ఉండే డెంటిన్ పొర అలాంటిది. బరువులో దాదాపు 70 శాతం ఖనిజమే అయినా, లోపల కొల్లాజెన్ అనే ప్రోటీన్ తడిక ఉంది. ఎనామిల్‌లో ఖనిజమే 96 శాతం. తడిక లేదు, అంతా మట్టే. ఆమ్లంలో గోడంతా కరిగిపోయి, అది ఉన్న జాగా మాత్రం మిగులుతుంది. పిప్పిపన్ను మొదలయ్యేదీ ఇలాగే: నోట్లో బాక్టీరియా చక్కెరను ఆమ్లం చేస్తాయి, పీహెచ్ (ఇది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ) సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది.

ఎనామిల్‌ని చూడాలంటే ఆమ్లం తగలనివ్వకుండా, వెలుగు దూరేంత పలచగా పంటిని రాయి మీద అరగదీయాలి. గులాబీ, ఊదా పెన్సిళ్ళతో స్లైడు బొమ్మలు గీయించి రికార్డు నింపించే ముందు పిల్లల చేత ఒక్క పన్ను అరగదీయిస్తే ఈ పాఠం జన్మలో మరిచిపోరు.

మట్టిగోడ ఒక్కరోజులో లేవదు కదా. ఇవాళ ఒక వరస, అది ఆరాక ఇంకొకటి, మధ్యలో గీత. ఎనామిల్ కట్టే అమెలోబ్లాస్టులు అనే కణాలు రోజుకు సుమారు 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) వేస్తాయి, రోజు పనికి ఒక అడ్డగీత. ఒక్క మిల్లీమీటరుకు ఎనిమిది నెలలు! కొన్ని రోజులకోసారి ఇంకా ముదురు గీత పడుతుంది. స్వీడన్‌కు చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆండర్స్ రెట్జియస్ 1837లో వర్ణించిన గీతలు ఇవే. పన్ను మొలిచేసరికి ఈ మేస్త్రీలు ఉండరు, పోయిన ఎనామిల్ మళ్ళీ రాదు. డెంటిన్ మేస్త్రీలైన ఒడాంటోబ్లాస్టులు మాత్రం పంటి లోపలే కాపురముండి జీవితాంతం కొద్దికొద్దిగా మెత్తుతూనే ఉంటాయి.

పాలపళ్ళలో మరో గీత ఉంటుంది, నియోనేటల్ లైన్. బిడ్డ భూమ్మీద పడ్డ కుదుపుకి పని తడబడి పడ్డ గుర్తు. దానికి లోపలివైపుది అమ్మ కడుపులో కట్టింది, బయటివైపుది పుట్టాక కట్టింది. పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమని ఇప్పటికీ భయపడేవాళ్ళకు ఈ గీత చూపించాలనిపిస్తుంది. పాలపళ్ళు, పైవైనా కిందివైనా, కడుపులో ఉండగానే గట్టిపడడం మొదలవుతాయి. ఏది ముందు చిగురు చీల్చుకొచ్చినా మేనమామకు ఏమీ కాదు.

చిన్నప్పుడు ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి పెంకుటింటి మీదికి విసిరేవాళ్ళం. నేను పుట్టిన రోజు గీత అలా ఆ పెంకుల మధ్యకే చేరింది.