ట్రాక్ కారు లింక్ రాడ్లు: అపోహలు, వాస్తవాలు

ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజుకి, వెళ్లే ముందు మా విజయవాడ ఆటోనగర్ షెడ్‌కి వచ్చే కుర్రాళ్లు స్టెబిలైజర్ బార్ (మలుపులో కారు ఒరుగుని తగ్గించే ఇనుప కడ్డీ) మీద వేలకు వేలు పెడతారు. ఆ బార్‌ని చక్రం వైపు కలిపే లింక్ రాడ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి వేసెయ్ అన్నా" అంటారు. లేదంటే దానికి లేని మహిమలు అంటగడతారు. రెండూ తప్పే.

అపోహ: లావు లింక్ రాడ్ వేస్తే కారు మలుపులో ఒరగదు.

ఒరుగుని ఆపేది రాడ్ కాదు, బార్. ఉతికిన దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండుతున్నారనుకోండి. ఇద్దరూ ఒకే వైపు తిప్పితే దుప్పటికి మెలి పడదు, చెరో వైపు తిప్పితేనే పడుతుంది. బార్ కూడా అంతే. రెండు చక్రాలూ కలిసి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఊరికే తిరుగుతుంది. ఒక చక్రం పైకి, ఒకటి కిందికి పోతేనే మెలిపడి ఎదురుతిరుగుతుంది. దాని గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. ఆకారం, మిగతా కొలతలూ మారకుండా 22 మి.మీ. బోలు లేని బార్ బదులు 24 మి.మీ.ది వేస్తే దాదాపు 40 శాతం గట్టిపడుతుంది.

లింక్ రాడ్ పని చక్రం కదలికను బార్‌కి అందించడమే. జాయింట్‌లో లూజు ఉన్నా, బుష్ (కలిపే చోట ఉండే రబ్బరు తొడుగు) మరీ మెత్తగా ఉన్నా మొదటి కొంత ఒరుగు ఆ లూజు తీరడానికే సరిపోతుంది, బార్ ఆలస్యంగా అందుకుంటుంది. స్టీరింగ్ తిప్పిన మొదటి క్షణంలో కారు తేలినట్టు అనిపించేది అందుకే. మంచి రాడ్ ఆ ఆలస్యాన్ని తగ్గిస్తుంది, అంతకు మించి ఆశించకండి.

అపోహ: అడ్జస్టబుల్ రాడ్‌ని పొడుగు చేస్తే కారు లేస్తుంది, గట్టిపడుతుంది.

ఎత్తు స్ప్రింగులది. గట్టిదనం మార్చాలంటే బార్ చివర రెండు మూడు రంధ్రాలు ఉంటే చూడండి: లోపలి రంధ్రానికి కలిపితే గట్టి, బయటి దానికి కలిపితే మెత్తన. రాడ్ పొడవు మార్చేది వేరే పనికి. కిందికి దించిన కారులో బార్ చేతుల, అంటే రాడ్‌కి కలిసే వంపు కొసల, కోణం సరిచేయడానికి, కారు తిన్నగా నిలబడి ఉండగా బార్‌లో మెలి లేకుండా చూడడానికి.

ఈ రెండోదే అసలు పని, చాలామంది ఎగ్గొట్టేది కూడా ఇదే. టైర్లలో గాలి సరిచూసి, పెట్రోలు ట్రాక్ మీద ఉండేంత పోసి, కారుని సమతలం మీద పెట్టండి. మన షెడ్లలో కడిగిన నీళ్లు పోవాలని నేలను వాలుగా పోస్తారు కాబట్టి తాపీ మేస్త్రీల నీళ్ల గొట్టంతో మట్టం చూసుకోవాలి. డ్రైవర్ సీట్లో మనిషంత బరువు ఉండాలి. 25 కిలోల బియ్యం బస్తాలు మూడు వేస్తే సుమారుగా సరిపోతుంది. ఒక వైపు రాడ్ బిగించి, రెండో వైపు బోల్టు చేత్తో తోస్తే దూరేదాకా రాడ్ పొడవు మార్చండి. సుత్తి అవసరపడిందంటే బార్ అప్పటికే మెలితిరిగి ఉన్నట్టు. అలాంటి కారు ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఒకలా పోతుంది. కార్నర్ వెయిట్లు (ఒక్కో చక్రం మీద పడే బరువు) చూసేవాళ్లు ఒక వైపు రాడ్ విప్పి తూకం వేసి, ఆ తర్వాతే కలపాలి.

లాక్ నట్ బిగించాక రాడ్‌ని చేత్తో కొద్దిగా తిప్పి చూడండి. రెండు చివర్లూ ఒకే తీరున ఆడాలి. మర లోపలికి కనీసం దాని వ్యాసమంత, వీలైతే ఒకటిన్నర రెట్లు దిగి ఉండాలి.

అపోహ: గన్‌తో (నట్లు బిగించే ఇంపాక్ట్ మెషిన్‌తో) కొడితే బాగా బిగుస్తుంది.

రాడ్ చివరి బాల్ జాయింట్ (గుండు మీద తిరిగే కీలు) స్టడ్, అంటే దాని మర ముక్క, నట్‌తో పాటే తిరిగిపోతుంది, కీలుని కప్పే రబ్బరు బూటు మెలిపడి చిరుగుతుంది. స్టడ్ చివర అలెన్ కీ పెట్టి గానీ, వెనక ఉన్న పలకల మీద పానా పెట్టి గానీ పట్టుకుని బిగించాలి. టార్క్ ఆ కారు మాన్యువల్‌లో ఉన్నంతే. నైలాక్ నట్ (వదులు కాకుండా లోపల నైలాన్ రింగ్ ఉండేది) పాతది మళ్లీ వాడొద్దు, కొత్తది ఎంతో ఖరీదు కాదు. బిగించాక నట్ మీదుగా పెయింట్ గీత గీయండి.

అపోహ: చక్రాలు గాల్లో ఉండగా బిగించకూడదు.

సగం నిజం. లోపలి ఇనుప గొట్టానికి (స్లీవ్‌కి) అతికిన రబ్బరు బుష్ రాడ్లను కారు బరువు చక్రాల మీద ఉండగానే చివరి బిగింపు బిగించాలి, లేకపోతే బుష్ ఎప్పుడూ మెలిలోనే ఉండి తొందరగా చిరుగుతుంది. బాల్ జాయింట్ రాడ్లకు ఆ గొడవ లేదు. ఏ రకమైనా రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక వైపే జాకీ పెడితే బార్ మెలిలో ఉంటుంది, నట్ విప్పగానే రాడ్ చేతికి ఎగిరి తగులుతుంది.

అపోహ: చప్పుడు లేదంటే రాడ్లు బాగున్నట్టే. చప్పుడు ఉంటే రాడ్లే.

గతుకుల సందులో నెమ్మదిగా పోతుంటే వచ్చే టక్ టక్ లింక్ రాడ్‌ది కావచ్చు. బార్ బుష్‌ది, స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసిన స్తంభం) మౌంట్‌ది, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్‌ది కూడా కావచ్చు. అనుమానం తీరాలంటే ఆ ఇరుసు రెండు రాడ్లూ విప్పి, బార్ కొసలు దేనికీ తగలకుండా కట్టి, ఖాళీ రోడ్డులో మెల్లగా నడపండి. చప్పుడు పోతే తప్పు రాడ్లది లేదా బార్ బుష్‌లది. అలా విప్పిన కారుతో వేగం పోవద్దు.

లూజు చూడాలంటే కారుని పిట్ మీద నాలుగు చక్రాల మీద నిలబెట్టి, ఒకరు పైనుంచి ఊపుతుంటే ఇంకొకరు జాయింట్ మీద వేలు పెట్టాలి. కంటికి కనపడని లూజు వేలికి తెలుస్తుంది. బూటు చిరిగిన రాడ్ బిగుతుగా ఉన్నా నేను పాస్ చేయను. తర్వాత స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పించండి. స్ట్రట్‌కి తగిలించిన రాడ్ దాంతో పాటే తిరుగుతుంది, బ్రేక్ హోస్‌కో టైరుకో రాసుకుంటోందేమో అప్పుడే తెలుస్తుంది.

అపోహ: రోజ్ జాయింట్ (బూటు లేని, రబ్బరు లేని గుండు కీలు) రాడ్ వేస్తే మళ్లీ చూడక్కర్లేదు.

బూటు లేనిదాన్నే ఎక్కువసార్లు చూడాలి. లోపల టెఫ్లాన్ లైనర్ ఉన్నవాటికి గ్రీజు పూయకండి, దుమ్ము అంటుకుని లైనర్‌నే అరగదీస్తుంది. గుడ్డతో తుడవడమే. రోజూ బందరు రోడ్డు మీద తిరిగే కారుకి బూటు ఉన్న కంపెనీ రాడ్డే మేలు.

మనవాళ్లు చాలామంది ట్రాక్ కారునే నడుపుకుంటూ హైవే 16 మీదుగా చెన్నై దాటి ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్‌కి పోతారు. ఇక్కడ చేసిన చెకింగ్ అక్కడికి చాలదు. దిగగానే పెయింట్ గీతలు కదిలాయేమో చూడండి, మొదటి సెషన్ అయ్యాక ఇంకోసారి. డిక్కీలో ఒక జత రాడ్లు, నాలుగు కొత్త నట్లు, సరైన సైజు అలెన్ కీ పెట్టుకోండి.